పైకి ఎక్కిన పెంకు

2014 మే 20
ఇవాళ పెంకులన్నీ దించి ఇల్లు తిరగనేయించాను. అమ్మ ఈ ఇల్లు నా పేర రాస్తూ పిల్లి మేస్త్రిని కూడా అప్పగించి పోయింది. పెంకుల మీద నడిస్తే చప్పుడుండదు, పగులుండదు, అందుకే ఆ పేరు. పదిహేడు పెంకులు మార్చాడు. కింద నిలబడి నేను ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, పై పెంకు కింది పెంకు తలని కప్పాలమ్మా, అంతే, దీనికి యూనివర్సిటీ అక్కర్లేదన్నాడు. మా ఆయన పడీ పడీ నవ్వారు. అప్పటికే ముక్కుకి తువ్వాలు కట్టుకుని బూజు దులుపుతున్నారు. నాకు దుమ్ము పడదని పెళ్ళైన ఏడాది నుంచీ ఆ పని ఆయనదే.

2017 జూన్ 30
మొదటి వాన. ఒక్క చుక్క దిగలేదు. మేస్త్రికి ఫోన్ చేసి చెప్పాను. కారితే ఫోన్ చేస్తారు గానీ కారలేదని చేస్తారేంటమ్మా అన్నాడు.

2021 జూలై 8, సాయంత్రం 5
నా గది కారింది. సరిగ్గా పుస్తకాల బీరువా మీద. నా థీసిస్ తడిసి ఉబ్బిపోయింది. మే నెలలోనే కదా నేయించాను! ఆయన పక్కన కూర్చుని ఒక్కో పేజీ తువ్వాలుతో అద్దారు. తర్వాత లోపల్నుంచే పెంకు సర్ది ఆపారు. మేస్త్రికి చెప్పకు, ముసలాడు నొచ్చుకుంటాడన్నారు. ఎంత మంచి మనిషి.

2021 ఆగస్టు 3
మళ్ళీ అక్కడే.

2022 జూలై 14
మళ్ళీ. చూపు ఆనని వాడిని పట్టుకుని వేలాడుతున్నావని ఆయన విసుక్కున్నారు. మేస్త్రిని పిలిచి ఇక రావద్దన్నాను. ఒక్కసారి ఎక్కి చూస్తానమ్మా అన్నాడు. వద్దన్నాను. నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కప్పు చూసుకున్న మనిషి. తప్పు చేశానా?

2023 జూన్ 11
వానలు మొదలై వారం. బీరువా మీద రెండు బకెట్లు. ఆయన బిల్డర్‌ని తీసుకొచ్చారు. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతాడట, మనకి రెండు ఫ్లాట్లట. కావలసింది నా సంతకమే. ఎన్నాళ్ళే ఈ బకెట్ల కాపురం అన్నారు. నిజమే. నిజమేనా? వచ్చే సోమవారానికి సరేనన్నాను.

2023 జూన్ 16, ఉదయం 11
పడగొట్టే ముందు మేస్త్రికి ఒకసారి చూపించాలనిపించింది. క్షమాపణ అడగడానికి అదొక సాకేమో. ఆయన ఆఫీసుకి వెళ్ళాక పిలిచాను. ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అనలేదు. ఎక్కాడు. ఒక్కో పెంకూ తడిమి చూశాడు. తర్వాత నన్నే ఎక్కమన్నాడు. నలభై ఆరేళ్ళకి నా ఇంటి కప్పు మొదటిసారి చూశాను.

గాలి తోసినా, పిల్లి తొక్కినా పెంకు కిందికే జారుతుందమ్మా, ఇది పైకి ఎక్కింది, దీనికేమన్నా కాళ్ళున్నాయా అన్నాడు. పెంకు తీసి తిరగేశాడు. అడుగున మసిలో గుండ్రటి గుర్తులు. కర్రతో పొడిచినవి. మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాడు. నా మొహం చూడలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరం. బూజుకర్ర పట్టేది ఒక్కరు.

సాయంత్రం 7
అడిగాను. దబాయిస్తారనుకున్నాను. దబాయిస్తే బావుండేది. టీ తాగుతూనే, నా మాట ఎలాగూ వినవు, వాన మాటైనా వింటావనుకున్నాను అన్నారు. మరి మేస్త్రి సంగతేంటి అన్నాను. వాడి సంగతి ఇప్పుడెందుకు అన్నారు.

నేను అడగనిది ఒకటుంది. పేజీలు అద్దుతున్నప్పుడు ఏమనుకున్నారు?

2023 జూన్ 18
ఇద్దరం ఒకే కూర తిన్నాం. ఉప్పు తక్కువైందన్నారు.

2023 జూన్ 19, సోమవారం
బిల్డర్ వరండాలో కూర్చున్నాడు. ఆయన నన్ను పిలుస్తూ గది గదీ వెతికారు. నేను పైన ఉన్నాను. మేస్త్రి కింద నిచ్చెన పట్టుకున్నాడు. పెంకుల సందులోంచి ఆయన నడినెత్తి కనిపించింది. పెంకు కిందికి లాగి మూసేశాను.