స్నానాలగది తలుపు

చెల్లీ, దేవుడి దయవల్ల కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

నువ్వు మేస్త్రీని పెట్టుకోమన్నా వినకుండా ఇంటి పనులు నేనే చేయించుకుంటున్నానుగా. ఆపరేషన్ అయిన మోకాలితో నువ్వు జారిపడకూడదని స్నానాలగదిలో గరుకు టైల్స్ వేయించాను. అంతకుముందే కొత్త తలుపు పెట్టించడం పొరపాటయింది. నేల ఎత్తు పెరిగి, తలుపు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది.

"టైల్స్ వేసేముందు నన్నొక్క మాట అడగొద్దా?" అని వడ్రంగి కేకలేశాడు.

"ఎవర్నడగాలో నాకేం తెలుసయ్యా? అసలీ పనికి పెద్దెవరు?" అన్నాడు టైల్స్ ఆయన.

"నేనే నాయనా" అన్నాను.

అడుగున కోసి తెస్తానని తలుపు ఊడదీసుకెళ్ళిన వడ్రంగి మళ్ళీ ఇటు రాలేదు.

గోడకి పట్టుకునే కడ్డీ నీకు కుడివైపు కావాలా, ఎడమవైపా? వెంటనే రాయి. మరిదిగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

ఒక్కదాన్నే కనుక తలుపు లేకపోయినా నాకు ఇబ్బంది లేదు. అడ్డంగా దుప్పటైనా కట్టలేదు. నువ్వు వచ్చే రోజు రాశావంటే వడ్రంగి గుమ్మంలో కూర్చునైనా బిగింపించుకుంటాను. ఆ గదికి తలుపు అవసరం రావాలనే రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను.

నీ పెద్దక్క