ఆ బుట్టలో ఎవరు వేస్తారు?

తమ్ముడికి అక్క రాసేది,

అమ్మాయి పోయి నెలయింది. మీ ఇద్దరి వాదన లేక ఆదివారాలు గడవడం లేదు. "సర్కారు ఊరికే పెడితే జనం సోమరులైపోతారే" అని నువ్వు. "చెయ్యలేనివాళ్లు గాలి భోంచెయ్యాలా మామయ్యా?" అని అది. నేను గిన్నెలు తోముకుంటూ ఏదీ చెవిన పెట్టలేదు.

నిన్న చొక్కాల ఫ్యాక్టరీలో దాని పక్క మిషను మీద కుట్టే ముసలమ్మ వచ్చింది. పాపం, చేతులు వణుకుతాయి. అమ్మాయి తను కుట్టిన చొక్కాల్లో నాలుగు రోజూ ఆమె బుట్టలో వేసేదట. "లేకపోతే లెక్క తక్కువైందని నన్నెప్పుడో పనిలోంచి తీసేసేవాళ్లమ్మా" అని ఏడ్చింది.

ఇష్టపడి ఇవ్వడం వేరు, సర్కారు ఇప్పించడం వేరు అంటావేమో. మరి ఇప్పుడు ఆ బుట్టలో ఎవరు వేస్తారురా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ఆదివారం రా. దాని కుర్చీలో నేను కూర్చుని అడుగుతాను. నామీద జాలిపడి మాత్రం ఒప్పేసుకోకు.

నీ అక్క