నడిమి పిన్ను

గురువారం, సాయంత్రం

చిరంజీవి అమ్మాయికి,

మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కనుక నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. నా వరకు నేను క్షేమమే. మీ అమ్మ పరిస్థితి మాత్రం అలా లేదు. ఆ సంగతి తెలియజేయడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పవచ్చును గదా అనుకుంటావేమో. ఫోనులో నా వాక్యం సగంలో ఉండగానే నీవు "సరే నాన్నా" అంటావు.

కిందటి వారం మీ యార్డులో జరిగినది మీ అమ్మ చెప్పగా విన్నాను. ఒకే వ్యాగన్ మీద ఇరవై అడుగుల కంటైనర్లు రెండు ఉన్నాయట. నీ క్రేను మొదటిదాన్ని ఎత్తబోతే దానితోపాటు వ్యాగన్ కూడా ఒక పక్క పట్టాల మీంచి లేచిందట. నీవు వెంటనే ఆపి, మెల్లగా దించావట. ఎవరికీ దెబ్బ తగలలేదు. కింద, పెట్టెను వ్యాగన్‌కు బిగించే పిన్నులు విప్పే మనిషి నీ దగ్గరికి వచ్చి, "నా కళ్ళకు విప్పినట్టే కనబడిందక్కా" అని తల పట్టుకున్నాడట. నీ తప్పేమీ లేదని తేల్చి, సోమవారం నుంచి మళ్ళీ పైకెక్కమన్నారట. నీవేమో ఎక్కాలో మానాలో తెలియడం లేదు అన్నావట.

ఆ మనిషిని నేను నిందించను. ఇన్నేళ్ళుగా గూడ్సు బండ్ల మీద కంటైనర్లు బిగించి, విప్పించిన అనుభవంతో చెబుతున్నాను. నలభై అడుగుల పెట్టెకు నాలుగు మూలలూ వ్యాగన్ చివర్లలోనే ఉంటాయి. నడిచిపోతూ చూసినా పిన్ను బిగిసి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అదే చోట ఇరవైలు రెండు పెడితే నడుమ మరో నాలుగు పిన్నులు వస్తాయి. ఆ రెండు పెట్టెల మధ్య సందు బెత్తెడు. అందులోకి వెలుతురే దూరదు, ఇక కన్నేం దూరుతుంది?

నీవు ఐదవ తరగతి లెక్కలు చేసుకుంటుంటే, అదే బల్లకు అవతల కూర్చుని నేను రాత్రిబడి పాఠాలు చదువుకొనేవాణ్ణి. ఆ రోజుల్లో అగ్గిపెట్టెలు పేర్చి నీకు ఈ కొలతలు చూపించాను. రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దది అని నీవు చప్పున చెప్పావు. నడిమి సందు గురించి నీవు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక మీ అమ్మ సంగతి. ఆమెకు తిండి సహించడం లేదు. గూడ్సు బండి చప్పుడు వినబడితే చేతిలో పని వదిలేసి వీధి చివరి రైలు గేటు దాకా పరుగెత్తుతోంది. ఏవి ఇరవైలు, ఏవి నలభైలు అని చూస్తూ నిలబడుతోంది. ఇరవైల జంట కనబడితే ముఖం పాలిపోతోంది. మామూలు పెట్టెకన్నా అడుగు ఎత్తుండే తొమ్మిదిన్నర అడుగుల రకం వచ్చిందా, దానికి గాలి ఎక్కువ తగులుతుందేమో, ఊగుతుందేమో అని మరో దిగులు. నిన్న పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతే గిన్నె మాడిపోయింది. నేను ఎంత ధైర్యం చెప్పినా చెవికెక్కడం లేదు.

కనుక తల్లి మనసును దృష్టిలో ఉంచుకొని ఒక మాట ఆలోచించు. మా ఆఫీసులో బండ్ల రాకపోకలు నమోదు చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. సూపరింటెండెంటు గారిని కలిశాను. "మీ అమ్మాయి అయితే ఇంకేం కావాలండీ, రేపే రమ్మనండి" అన్నారు. నేల మీద ఉద్యోగం. కిటికీ పక్కన బల్ల. పైనుంచి దిగి రావడం ఓటమి కాదు. ఇది చెయ్యి, అది మాను అని నేను నిన్ను ఎన్నడూ శాసించలేదు. ఇప్పుడూ శాసించడం లేదు. మీ అమ్మ కోసం అడుగుతున్నాను, అంతే.

రేపటి గూడ్సు గార్డు చేతికి ఈ ఉత్తరం ఇస్తాను. శనివారానికి నీకు చేరుతుంది. ఆదివారంలోగా మీ అమ్మకు ఏ సంగతీ తెలియజేయవలసింది.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న

తా.క. ఏమే చిట్టీ, ఇది నేను, అమ్మను. కవరు అంటించమని నా చేతికిచ్చి ఆయన స్నానానికి వెళ్ళారు. అంటించకముందు చదివాను. ఇందులో ఉన్న అమ్మ ఎవరో నాకు తెలీదు. నేను శుభ్రంగా తింటున్నాను. గేటు దాకా పరిగెత్తేది ఆయన. గిన్నె మాడ్చింది ఆయన. తోమింది నేను. ఎదురింటావిడ, "మీ వారి సామానేమైనా ఆ బండ్లో పోయిందా వదినా?" అని అడుగుతోంది.

రోజూ సాయంత్రం బల్ల మీద స్కేలు పెట్టి, దాని మీద అగ్గిపెట్టెకు ఒక మూల జిగురు రాసి అంటించి, రెండు వేళ్ళతో ఎత్తుతున్నారు. స్కేలు తిరగబడుతుంది. మళ్ళీ అంటిస్తారు. తిరగబడకముందు ఒక్కసారన్నా ఆపలేకపోయారు. నిన్న విసుగొచ్చి, "ఏంటండీ ఈ ఆటలు" అంటే, తలెత్తకుండా, "అది ఎలా ఆపిందే?" అన్నారు.

నాకు మాత్రం భయం లేకపోవడమేంటి, ఉంది. అయినా సోమవారం పైకెక్కు. ఎత్తేముందు ఆ సందులో టార్చి వేసి చూడమని ఆ పిన్నుల మనిషికి చెప్పు. దిగాక ఫోను చెయ్యి. నాకు కాదు, ఆయనకు. ఆయన వాక్యం పూర్తయ్యేదాకా "సరే నాన్నా" అనకు.