పోచమ్మకు చూపించని పండు

ఖిలా వరంగల్ నివాసి, కీర్తిశేషుడు యాకయ్య భార్య చిలుకమ్మ అనే నేను, వయస్సు అరవై ఒకటి, తెలివి మీద ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నాకు మతి చలించిందని మా మరిది కొడుకు మల్లికార్జున్ వాడకట్టంతా చాటింపు వేశాడు. చలించలేదు. డాక్టరు చీటీ దీనికి జత చేశాను.

1. నా ఇల్లు, వెనక పెరడు నా అనంతరం మల్లికార్జున్‌కు చెందుతాయి. ప్రేమతో కాదు, ఇంకో మగదిక్కు లేక. షరతు ఒక్కటే: పెరట్లోని ఆపిల్ చెట్టును కొట్టరాదు. కొట్టిన మరుక్షణం ఇల్లు నా చెల్లెలు సమ్మమ్మకు పోతుంది.

2. ఆ చెట్టు సంగతి రాతలో ఉండాలి. 1973 శ్రావణంలో నా బిడ్డ అరుణ, ఏడేళ్లది, జ్వరంతో దవాఖానలో పడింది. ఆపిల్ కావాలంది. నా పెనిమిటి పట్నం నుంచి ఒకటి తెచ్చాడు. మరునాడు పోచమ్మకు బోనం. కొత్త పండు తల్లికి చూపించనిదే ఎంగిలి చేయరాదని కొంగున కట్టి దాచాను. "అవ్వా, కాకెంగిలి జేసియ్యే, పోచమ్మ ఏమనది" అని బతిమాలింది. గుడ్డ కప్పి కొరికితే ఎంగిలి కాదని పిల్లల లెక్క. నేను ఇయ్యలేదు. పొద్దు గుంకక ముందే పోయింది. ఆ పాపం నాది, ఇంకెవరిదీ కాదు.

3. ఆ పండులో ఐదు గింజలు. తడిగుడ్డలో చుట్టి, నీళ్ల కుండ కింది ఇసుకలో చలికాలమంతా ఉంచాను. ఒక్కటే మొలిచింది. "గీ ఎండలకు ఆపిలా? పిచ్చి లేసిందా వదినె" అని నవ్విన పొరుగింటి మొగిలమ్మకు నా ఇత్తడి బిందె ఇవ్వాలి. నవ్వుతూనే ఎండాకాలమంతా ఆ మొక్కకు నీళ్లు మోసింది కూడా ఆమే.

4. అరుణ పలక సమ్మమ్మకు. పిల్లకు దాని చెక్క అంచు కొరికే అలవాటు. ముందు పళ్లు రెండు ఊడిన సందు కూడా ఆ గాట్లలో కనిపిస్తుంది. పదకొండేళ్లు పూత ఎరగని చెట్టు నిరుడు శ్రావణంలో ఒక్క పండు కాసింది. తెల్లారి చూస్తే, కొమ్మకు ఉండగానే ఒక పంటిగాటు. "గబ్బిలం తిన్నది పెద్దవ్వా" అన్నాడు మల్లికార్జున్. పలక పక్కన పెట్టి చూపించాను. అప్పటినుంచి వాడు పెరట్లో అడుగు పెట్టడు, గొడ్డలి మాట మాత్రం మానడు.

5. నన్ను కాల్చవద్దు. బిడ్డ పక్కనే పూడ్చాలి. దీని అమలు సమ్మమ్మ చూస్తుంది.

6. ఈ ఏడాది రెండు పండ్లు. ఒకదానికి మొన్న గాటు పడింది. రెండోది ఈ పొద్దున చూస్తే పచ్చగుడ్డ కప్పి ఉంది. అరుణను పూడ్చినప్పుడు ఒంటి మీదున్న లంగా గుడ్డ అది. నా చేతి కుట్టు నేను గుర్తుపట్టనా? గుడ్డ మీదుగా కొరికిన నొక్కులున్నాయి. నా బిడ్డ నాకు కాకెంగిలి చేసి పెట్టింది. రేపు బోనం, అయినా ఈ పండును పోచమ్మకు చూపించను. ఈ కాగితం మీద వేలు వేసి, పెరట్లోకి పోయి తింటాను.

తేదీ: 18-8-1986, సోమవారం.

చిలుకమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. కట్టయ్య
2. రాయమల్లు (పెరట్లోకి రాలేదు, గడప దగ్గరే సంతకం)

రాసినవాడు: వెంకట్రాజం. పచ్చగుడ్డను నేనూ చూశాను.