వెండిచొక్కా మనిషి చెల్లెలు

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. వేళకు తింటున్నాను, దగ్గు పూర్తిగా పోయింది. నువ్వూ, చెల్లీ, ముఖ్యంగా నీ మోకాలూ కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న టైలరు మామయ్యకు కూడా నమస్కారాలు. మామయ్యా, పోయిన ఉత్తరంలో అమ్మ చెప్పినదానికి మీరు సొంత కవిత్వం కలిపారని నాకు తెలిసిపోయింది. "విషణ్ణ వదనంతో" అనే మాట మా అమ్మ జన్మలో అనదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. గది పైకప్పు కారడం ఆగింది. పక్క మంచం నర్సమ్మాయి ఇప్పుడు నాతో బాగా కలిసిపోయింది, గురక మాత్రం మానలేదు. బడిలో పిల్లలు "టీచర్" అని పిలిస్తే, ఎవరొచ్చారా అని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాను. మన ఇంట్లో ఆ పిలుపు ఎవరికీ అలవాటు లేదు కదా.

చివర్లో అడిగావు చూడు, ఆ ప్రశ్న దగ్గరే కలం ముందుకు సాగడం లేదు. అద్దాల కొట్టాయన సినిమా హాల్లో అందరి ముందూ, "ఇన్నాళ్ళూ మాకు కాకమ్మ కథలు చెప్పావన్నమాట! ఆ సినిమా భాష వచ్చిన మా బావమరిదిని అడిగాను. ఆ వెండిచొక్కావాడికసలు చెల్లెలే లేదట" అన్నాడని రాయించావు. అప్పట్నుంచి ఆదివారం ఆటకు గేటు దగ్గర టిక్కెట్లు చించి నోరు మూసుకుని కూర్చుంటున్నావట. లోపల జనం చడీచప్పుడూ లేకుండా చూసి వెళ్ళిపోతున్నారట. "నువ్వు ఆ భాష చదువుకున్నావు కదా. అతనేమన్నాడో చెప్పు. మళ్ళీ నోరు తెరవాలో వద్దో నేను తేల్చుకోవాలి" అన్నావు.

నాకు ఆ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. అద్దె తక్కువని మేనేజరు పరభాషా సినిమాలు తెప్పించేవాడు. మాటలు ఒక్కరికీ అర్థమయ్యేవి కావు. ఓ రోజు జనం గోల చేస్తుంటే, గేటు దగ్గర నిలబడ్డ నువ్వే తెర వంక చూస్తూ తోచిన కథ గట్టిగా చెప్పడం మొదలుపెట్టావు. మరుసటి వారం నువ్వు గొంతు విప్పేదాకా ఆట వేయనివ్వలేదు వాళ్ళు!

ఎన్ని రకాల సినిమాలు వచ్చినా, ఆకాశం నుంచి దిగేవాళ్ళ సినిమాలకే హాలు కిటకిటలాడేది. తిరగేసిన సత్తుగిన్నెలాంటి వాహనం ఊగుతూ దిగేది. ముందు బెంచీ నుంచి ఎవడో, "అత్తా, దారం కనిపిస్తోంది!" అని అరిచేవాడు.

"దారం కాదురా, జారిపడకుండా వాళ్ళమ్మ పైనుంచి పట్టుకుంది" అనేదానివి.

వెండిచొక్కా మనిషి మెట్లు దిగి, తుపాకుల మధ్య నిలబడి, చెయ్యెత్తి ఏదో చెప్పేవాడు. నువ్వు గొంతు తగ్గించి, "నాయనా, దారిలో మా చెల్లెలు తప్పిపోయింది. బక్కపల్చటి పిల్ల. ఇలాంటి చొక్కాయే వేసుకుంది. ఇటుగా గానీ వచ్చిందా?" అనేదానివి. హాలంతా ఒక్క గొంతుతో "రాలేదు బాబూ!" అనేది. పాలాయనైతే ఆట వదిలాక కూడా రోడ్డుకు అటూ ఇటూ వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళేవాడు.

ఇక్కడ కొత్త సినిమాలు చూశాను. వాటిలో వాహనం ఊరంత ఉంటుంది, దారం కనిపించదు. అయినా నా మనసు ఆ పాతవాటి దగ్గరే ఉండిపోయింది. వాటిలో తలుపు తెరుచుకున్నాక ఎవరూ ఏమీ అనని ఒక క్షణం ఉంటుంది. వచ్చినవాడు మంచివాడో కాదో తెలియదు, అతని మాట మనకు రాదు. అందరూ వెనక్కి జరుగుతుంటే ఎవరో ఒక్కరు ముందుకు అడుగేస్తారు. ఆ అడుగు చూడడానికే జనం మళ్ళీ మళ్ళీ వస్తారనుకుంటాను. సంచీ పట్టుకుని ఈ ఊళ్ళో బస్సు దిగినప్పుడు నేనూ అలాగే బిక్కచచ్చి నిలబడ్డాను. "తిన్నావా?" అని ముందుకొచ్చింది ఆ గురక పిల్లే.

ఇక దాచకుండా చెప్పేస్తాను. మామయ్యా, నిదానంగా చదవండి, ఏమీ కలపకండి.

అద్దాల కొట్టాయన చెప్పింది నిజమే అమ్మా. అతనికి చెల్లెలు లేదు. పోయిన శుక్రవారం మా బడిలో ఆ వెండిచొక్కా మనిషి సినిమాయే వేశారు. చెవులు రిక్కించి విన్నాను. "మీ గాలి బరువు కొలవడానికి వచ్చాము. పని కాగానే వెళ్ళిపోతాము. ఎవరూ దగ్గరికి రావద్దు." అంతే. ఒట్టి కొలతల మనిషి.

పిల్లలకు ఆ భాష ఇంకా రాదు. అర్థం చెప్పమని హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్నే నిలబెట్టారు. గాలి బరువు అనబోయాను. అతను చెయ్యెత్తేసరికి నా నోటి నుంచి, "నాయనా, దారిలో మా చెల్లెలు తప్పిపోయింది" అని వచ్చేసింది. పిల్లలందరూ "రాలేదు!" అని అరిచారు. వాళ్ళకెవరూ నేర్పలేదమ్మా.

హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఆ భాష క్షుణ్ణంగా వచ్చు. ఆట అయ్యాక పక్కకు పిలిచారు.

"ఇదంతా అతనన్నాడా?"

"లేదండీ. మా అమ్మ అంది."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రేపు అతనన్నది కూడా చెప్పండి" అన్నారు.

చెప్పాను. నిన్నటిది మా అమ్మ కథ, అతని అసలు మాటలు ఇవీ అని పూసగుచ్చినట్టు చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. తరువాత రెండు జడల పిల్ల ఒకతి లేచి, "గాలి బరువు సరే టీచర్. మరి చెల్లెలు దొరికిందా?" అంది.

చివరి రీలు మొదలవగానే నువ్వు తలుపుల గడియలు తీయడానికి పరుగెత్తేదానివి. అతను మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయేటప్పుడు నీ గొంతు మాకెప్పుడూ వినిపించలేదు.

నువ్వు చెప్పినవి అతని మాటలు కావు. అందుకని నోరు మూసుకోవలసిన పనీ లేదు. ఈ ఆదివారం ఆటకు ముందు, "ఇది నా కథ, ఇష్టమున్నవాళ్ళు వినండి" అని చెప్పి మొదలుపెట్టు. అద్దాల కొట్టాయన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టు.

పిల్లలతో మా అమ్మను అడిగి చెబుతానన్నాను. బడి గుమ్మంలోనే ఆపి, ఉత్తరం వచ్చిందా అని రోజూ అడుగుతున్నారు. ఆ పిల్ల దొరికిందో లేదో తొందరగా రాయించు. దొరికితే, అన్నను చూడగానే మొదట ఏమందో కూడా రాయించు.

ఇట్లు,
నీ జవాబు కోసం పిల్లలతోపాటు ఎదురుచూస్తున్న
నీ పెద్దకూతురు