ఎవరి పోలిక

వదినగారికి నమస్కారాలు.

బాబు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. కుడి చెవి ఇక వినపడదట. ఎడమవైపు నుంచి పిలిస్తే నవ్వుతున్నాడు.

రక్తంలో చేరిన క్రిమి మెదడుకు పాకిందని మీకు తెలుసు కదా. అందరికీ అలా పాకదట. దాన్ని అడ్డుకునే శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువట. అది ఎవరి నుంచి వచ్చిందో చూడాలని డాక్టరమ్మ మా అందరి రక్తం తీయించారు.

బాబు ముక్కు, నుదురు, తెలివి మీ ఇంటివని, జబ్బు మాత్రం మా పుట్టింటిదని అత్తయ్య వార్డంతా చెప్పారు. తీరా చూస్తే నాలో ఏ లోపమూ లేదు. మీ తమ్ముడిలోనూ అత్తయ్యలోనూ ఉంది.

"ల్యాబులో సీసాలు మార్చేసుంటారు" అన్నారు అత్తయ్య. "ఇది మా అమ్మాయికి రాశావంటే ఊరుకోను. దాని అత్తగారసలే మంచిది కాదు, ఏం జరిగినా కోడలి పుట్టింటి మీదకే తోస్తుంది."

అందుకే చాటుగా రాస్తున్నాను. మీ పాపకు కూడా ఆ పరీక్ష చేయించండి. లోపం ఉంటే టీకాలున్నాయట, ఆలస్యం చేయకండి. మీ అత్తగారు అడిగితే, తమ్ముడి భార్య వైపు నుంచి వచ్చిన జబ్బని చెప్పండి. అది మీ పాపకెలా వస్తుందని ఎవరూ అడగరు లెండి.

మీ మరదలు