బావిలో ఎర్ర రొయ్యలు

హనపేపె, కవాయి దీవి

అన్నయ్యా,

మూడేళ్లుగా వానలకు మునిగిపోతున్న మన ఉప్పుమడిని వదిలేద్దామని కాగితం పంపావు. నేను సంతకం పెట్టను.

పోయిన నెల చూపులేని మొకిహానా అత్త మడి పక్క బావిలో చెయ్యి ముంచి, "వచ్చేశాయే పిచ్చిదానా! వేళ్లకి చక్కిలిగింతలు పెడుతున్నాయి," అంది. వంగి చూస్తే నిజంగానే, నువ్వుగింజంత ఎర్ర రొయ్యలు! అవి పుట్టాయంటే నీళ్లు ఉప్పుకు సిద్ధమైనట్టే కదా.

ఇవాళ మడంతా తెల్లగా మెరుస్తోంది. మనది అమ్ముకునే ఉప్పు కాదుగా, పంచిపెట్టేదే; తొలి దోసిలి ఎవరికిద్దామని అడిగాను. "ఇక పండదన్నాడే, వాడికి," అంది అత్త.

మన ఆనవాయితీ ప్రకారం ఆ ఉప్పులో ఎర్రమట్టి కలిపి పంపుతున్నాను. పచ్చిచేప ముక్కల మీద చల్లుకుని తిను. అప్పటికీ సంతకం కావాలంటే, వచ్చి అత్తనే అడుగు.

నీ చెల్లి